కోటగుట్ట మీదినుండి కనబడిన దేశము

కుటుంబచరిత్రమును సాహిత్యముగా చదువుట మనకు ఇంకను పూర్తిగా అలవడలేదు. రాజులకు కావ్యావతారికలలో వంశవర్ణనలు ఉన్నవి. జమీందారులకు వంశచరిత్రలు ఉన్నవి. పల్లెలలో కాపుల ఇండ్లకు వచ్చి గోత్రములు చెప్పి, పూర్వుల పేర్లు పాడి పోవుటకు పిచ్చుకగుంటలవారు ఉండేవారు. అయితే సొంత భూమి లేని ఒక గొర్రెలకాపరి ముసలితనములో ఊరు వదలి సముద్రము దాటిపోతే, దాదాపు రెండువందల ఏండ్ల తరువాత ఆ ఇంట పుట్టిన ఒక రచయిత్రి అతని కథను ఎట్లు చెప్పవలె? తెలిసినదెంత, ఊహించినదెంత అన్న హద్దును పాఠకునికి చూపవలెనా, కప్పివేయవలెనా? ఆలిస్ మన్రో 2006లో ప్రచురించిన ‘ద వ్యూ ఫ్రం కాసిల్ రాక్’ అను గ్రంథమును నేను ఈ ప్రశ్నతోనే చదివినాను. పేరును తెలుగు చేస్తే ‘కోటగుట్ట మీదినుండి కనబడు దృశ్యము’ అనవలె.

మన్రో కెనడా దేశపు ఆంగ్ల కథారచయిత్రి. 1931లో ఒంటారియో రాష్ట్రములోని వింగ్‌హామ్ అను చిన్న పట్టణములో జన్మించినది. 2013లో నోబెల్ బహుమానము పొందినది. 2024 మే నెలలో మరణించినది. ఆమె పుట్టింటిపేరు లెయిడ్లా. ఈ లెయిడ్లాలు దక్షిణ స్కాట్లండులోని ఎట్రిక్ లోయకు చెందినవారు. గ్రంథములో రెండు భాగములు, చివర ఒక చిన్న ఉపసంహారము ఉన్నవి. మొదటి భాగము పూర్వుల కథ. రెండవది రచయిత్రి తన జీవితమును ఆధారము చేసికొని అల్లిన కథలు. వీనిని కథలుగానే భావింపుమని పీఠికలో ఆమె స్వయముగా చెప్పుకొన్నది. నాకు ఇక్కడ పని ముఖ్యముగా మొదటి భాగముతో.

స్కాట్లండునుండి వలసపోయినవారనగానే, ఉత్తరపు కొండసీమలలో ప్రభువులు గొర్రెల మందలకొరకు రైతులను వెళ్లగొట్టిన ఘట్టము చాలమందికి జ్ఞప్తికి వస్తుంది. లెయిడ్లాల కథ వేరు. ఎట్రిక్ ఇంగ్లండు సరిహద్దుకు దగ్గరగా ఉన్న దక్షిణ ప్రాంతము. అక్కడ గొర్రెలు తరతరాలనుండి ఉన్నవే. నేల మాత్రము బక్లూ డ్యూకు వంటి పెద్ద ప్రభువులది. కాపరి ఎంత కష్టించినను ఒక్క ఎకరము తనదని చెప్పుకొనుటకు లేదు. 1815లో నెపోలియన్ యుద్ధములు ముగిసిన పిమ్మట ధరలు పడిపోయి బ్రతుకు మరింత ఇరుకైనది. పద్దెనిమిదవ శతాబ్ది చివరి దశకములో స్కాట్లండు దేశపు స్థితిగతులను ఊరూర సేకరించినప్పుడు, ఆ వివరములను ప్రతి చర్చి పరిధిలోను అక్కడి మతాచార్యునిచేతనే వ్రాయించినారు. ఎట్రిక్ మతాచార్యుడు తన ప్రాంతమునకు అనుకూలములన్నవి ఏవియు లేవని వ్రాసినాడు. మన్రో తన మొదటి కథకు పేరును ఆ నివేదికనుండియే తీసికొన్నది.

కాని ఆ లోయకు ఒక అనుకూలము ఉన్నది. అక్కడి కాపరులకు చదువు వచ్చును. ప్రతి చర్చి పరిధిలోను ఒక బడి ఉండవలెనని 1696లోనే స్కాట్లండులో శాసనము చేసినారు; బైబిలును ఎవరికి వారు చదువుకొనుట ఆ మతశాఖకు ప్రధానధర్మము. కనుకనే మందలను కాచిన చేయి దినచర్య వ్రాయగలిగినది, దూరదేశమునుండి కొడుకుకు ఉత్తరము వ్రాయగలిగినది. మన్రో దీనిని ఒక వాదముగా నిరూపించుటకు పూనుకొనదు గాని, ఆమె గ్రంథమంతయు ఈ ఒక్క సంగతిమీద నిలిచి ఉన్నది.

కుటుంబమునకు ఆదిపురుషుడుగా కనబడువాడు విలియం లెయిడ్లా. ఫాప్ అను కొండపొలములో కాపురముండుటచేత అతనిని ‘విల్ ఓ ఫాప్’ అనేవారు. పరుగులోను, బలములోను, చిలిపి సాహసములలోను అతనికి ఆనాడు సాటి లేడని ఎట్రిక్‌లోని సమాధిఫలకమే చెప్పుచున్నది. ఆ కొండలలో ‘ఫెయిరీ’లను చూచి వారితో మాటలాడినవారిలో కడపటివాడు అతడేనని ప్రతీతి. అదే చర్చి పరిధికి ఆ రోజులలో థామస్ బోస్టన్ అను మహాకఠినుడైన మతబోధకుడు ఆచార్యుడు. ఒకవంక పాపభీతి, మరొకవంక ఫెయిరీల ముచ్చట. ఈ రెండును ఒకే తలలో ఇమిడి ఉండుటను మన్రో ఎక్కడను హేళన చేయలేదు. మన పల్లెలో హరికథ విని ఇంటికి పోవుచు దారిలోని చింతచెట్టును తప్పించుకొని నడచు మనిషిని ఎరిగిన తెలుగు పాఠకునికి ఈ భాగమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

విల్ కుమార్తె మార్గరెట్. ఆమె కొడుకు జేమ్స్ హాగ్, ‘ఎట్రిక్ కాపరి’ అని ప్రసిద్ధి గాంచిన కవి, నవలాకారుడు. వాల్టర్ స్కాట్ సరిహద్దు ప్రాంతపు వీరగీతములను సేకరించి 1802-03లో ప్రచురించినప్పుడు మార్గరెట్ నోటిపాటలు కూడ ఆయనకు అందినవి. అచ్చులో చూచి ఆమె సంతోషింపలేదట. పాడుకొనుటకై పుట్టిన పాటలను చదువుకొనుటకు అచ్చువేసి పాడుచేసినారనియు, ఇక వానిని ఎవ్వరును పాడరనియు స్కాట్ ముఖముననే అన్నదని కొడుకు వ్రాసినాడు. జానపదగేయములు సేకరించిన మనవారిలో ఎందరు ఇట్టి మాట పడినారో! ఇక్కడ ఒక చిన్న ప్రస్తావన. స్కాట్‌కు ఆ సేకరణలో కుడిభుజముగా ఉన్న జాన్ లేడెన్ కూడ ఆ సరిహద్దు ప్రాంతపు కాపరి కొడుకే. అతడు 1803లో వైద్యోద్యోగిగా మద్రాసులో దిగినాడు. బాబరు స్వీయచరిత్రమును ఆంగ్లములోనికి తెచ్చుటకు పూనుకొని, పూర్తికాకుండగనే 1811లో జావాలో మరణించినాడు. ఆ కొండలనుండి తూర్పునకు వచ్చినవారు కంపెనీ ఉద్యోగమునకు వచ్చినారు. పడమరకు పోయిన లెయిడ్లాలకు నేల కావలసియుండెను.

గ్రంథమునకు పేరిచ్చిన కథ ఈ ప్రయాణమే. ముసలి జేమ్స్ లెయిడ్లా పదేండ్ల కొడుకు ఆండ్రూను వెంటబెట్టుకొని ఎడింబరో కోటగుట్ట ఎక్కుతాడు. త్రాగి ఉన్నాడు. నీటికి ఆవల మసకగా కనబడు నేలను చూపి, అదే అమెరికా అని చెప్పుతాడు. ఆ నేల అమెరికా కాదు. ఫోర్త్ జలసంధికి ఆవలి గట్టున ఉన్న ఫైఫ్ మండలము. ఏండ్లు గడచి 1818లో ఆ జేమ్స్ నిజముగానే లీత్ రేవులో ఓడ ఎక్కినాడు. వెంట కొడుకులు ఆండ్రూ, వాల్టర్. పెండ్లికాని కూతురు మేరీ. ఆండ్రూ భార్య ఆగ్నెస్, వారి చిన్నపిల్లవాడు. ఆగ్నెస్ నిండుచూలాలు, నడిసముద్రములో ప్రసవించినది. వాల్టర్ ప్రతిదినము గాలివాటమును, వాతావరణమును, జరిగిన సంగతులను ఒక పుస్తకములో వ్రాసికొన్నాడు.

ముసలివాని పాత్రను మన్రో తీర్చిన తీరు నాకు గ్రంథమంతటిలోను ఉత్తమముగా తోచినది. నేలమీద ఉన్నన్నాళ్లు అమెరికా, అమెరికా అని కలవరించినవాడు ఓడ కదలిన మరుక్షణమునుండి ఎట్రిక్ తప్ప మరొక మాట ఎత్తడు. ఆ కొండలు, ఆ ఫెయిరీలు, తన తాత పరుగులు! వినువారు ఎవరైనను సరే, లేకున్నను సరే. వలసపోయినవాని మనస్సును గూర్చి ఎందరో వ్రాసినారు. కాని పోవలెనన్న ఆశ, పోయినందుకు పశ్చాత్తాపము ఒకే మనిషిలో కొన్ని గంటల వ్యవధిలో తారుమారగుటను ఇంత తేలికగా, కొంత నవ్వుతో చూపినవారు తక్కువ. పిల్లవానిని చంక దింపని మేరీ, బాలింత అయిన ఆగ్నెస్, వీరిరువురి మధ్య మాటలలోనికి రాని పోటీ కూడ ఆ ఓడలో ప్రయాణము చేయుచుండును. వాల్టర్‌కును, పై తరగతిలో ప్రయాణము చేయు ఒక ధనికుని రోగిష్ఠి కూతురికిని పరిచయము కల్పించిన ఘట్టము మాత్రము నాకు అంతగా రుచింపలేదు. అది మన్రో చేయి తిరిగిన పని. ఆ నేర్పు వెనుకనుండి తొంగిచూచుచున్నది. వాల్టర్ దినచర్యలోని పొడివాక్యము ప్రక్కన అది కొంచెము అలంకరించుకొని నిలుచున్నట్లుండును.

ఇట్టి కథను చదువువాడు ఏది నిజమని అడుగక మానడు. ఆ ప్రశ్నకు మన్రో కథ చివరనే జవాబు చెప్పినది. వాల్టర్ దినచర్య, ఉత్తరములు తప్ప ప్రయాణ కథలో తక్కినది చాలవరకు తన కల్పన అని ఒప్పుకొన్నది. కోటగుట్ట మీదినుండి ఫైఫ్‌ను చూచిన ముచ్చట హాగ్ చెప్పినది గనుక అది నిజమే అయి ఉండవలెనని ఒక చమత్కారము. చమత్కారమెందుకనగా, ముసలి జేమ్స్‌కు హాగ్ మీద గురి లేదు. జేమ్స్ కెనడానుండి కొడుకుకు వ్రాసిన ఒక ఉత్తరమును హాగ్ ఎడింబరోలోని ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికలో ప్రకటింపజేసినాడు. అది తెలిసి ముసలివాడు మండిపడి, ‘కలోనియల్ అడ్వొకేట్’ అను అక్కడి వార్తాపత్రికకు లేఖ వ్రాసినాడు. హాగ్ బ్రతుకంతయు అబద్ధములు అల్లుటతోనే సరిపోయినదని అందులో నింద. ఆ ముసలివాడు నిందించిన అబద్ధీకులలో తానును ఒకతెనని మన్రో చెప్పుకొన్నది.

ఈ ‘అబద్ధము’ అను మాటవద్ద అనువాదకునికి చేయి ఆగును. హిందీలోనైతే ‘ఝూఠ్’ ఒకటి, ‘గప్ప్’ మరొకటి. రెండవదానిలో తప్పుకంటె వినోదము ఎక్కువ. తెలుగులో బొంకు, కల్ల, కోత అని మూడు మెట్లు కలవు. ముసలివాడు హాగ్‌ను నిందించునది బొంకు అని. మన్రో తనకు అన్వయించుకొనునది కల్ల అని నేను అనుకొనుచున్నాను. కాని ముసలివాడు ఓడమీద చెప్పిన తాత పరుగుల కథలు, గుట్టమీద కొడుకుకు చూపిన అమెరికా, ఇవి ఏవి? శుద్ధమైన కోతలు. ఆ కుటుంబములో ఉత్తరములు వ్రాయుటతోబాటు ఇదియు వంశపారంపర్యముగా వచ్చినదన్న గ్రహింపే గ్రంథమునకు ప్రాణము.

తరువాతి కథలను త్వరగా చెప్పవచ్చును. ఆండ్రూ సోదరుడు విలియం అమెరికాలోని ఇల్లినాయికి పోయి కలరాతో మరణించుట, ఆండ్రూ పోయి వితంతువును పిల్లలను ఎద్దులబండిమీద కెనడాకు తెచ్చుట వాస్తవములు. దానికి పసిబిడ్డను దాచిన ఉదంతము చేర్చి కథ చేసినారు; గ్రంథములో బలహీనమైనది ఇదే. వాస్తవమే అంత భయంకరముగా ఉండగా కథకు వేరే బిగింపు ఎందుకు? విలియం కొడుకులు 1851లో హ్యూరన్ మండలపు అడవిలోనికి గొడ్డళ్లతో పోయినారు. వారి సోదరుడు కూలిన చెట్టుక్రింద పడి మరణించినాడు. ఈ కథలో ఆ కుటుంబపు ఒకని జ్ఞాపకములే చాలవరకు మాట్లాడును, రచయిత్రి ప్రక్కకు తొలగి నిలుచును. ఇది నాకు మిక్కిలి నచ్చినది. మన్రో తండ్రి రాబర్ట్ లెయిడ్లా నక్కలను పెంచి బొచ్చు అమ్మినాడు, ఆ వ్యాపారము దెబ్బతిన్న పిమ్మట ఇనుము పోతపోయు కార్ఖానాలో రాత్రి కావలి కాచినాడు, కడపటి రోజులలో ఒంటారియో తొలి రైతుకుటుంబములను గూర్చి ఒక నవల వ్రాసినాడు. అది ఆయన మరణానంతరము 1979లో అచ్చయినది. వ్రాత ఆ ఇంటిలో ఎవరి ప్రత్యేకవిద్యయు కాదు.

ఇక నాకు లోపముగా తోచినది. లెయిడ్లాలకు ఎట్రిక్‌లో దొరకని నేల కెనడాలో దొరికినది. ఎవరినుండి? వారు స్థిరపడినది ఎస్క్వెసింగ్ అను ప్రాంతములో. ఆ పేరే అక్కడి ఆదిమజాతి భాషలోనిది. లెయిడ్లాలు క్విబెక్‌లో దిగిన 1818వ సంవత్సరముననే, అక్టోబరు 28న, మిస్సిసాగా జాతివారు ఆ ప్రాంతముతో కూడిన 6,48,000 ఎకరములను ఏటేట 522 పౌండ్ల 10 షిల్లింగుల విలువగల సరకులకు బ్రిటిషు ప్రభుత్వమునకు వదలుకొన్నట్లు ఒప్పందము వ్రాసినారు. తరువాత విలియం కొడుకులు పోయిన హ్యూరన్ ప్రాంతమునకు కూడ 1827లో ఇట్టి ఒప్పందమే ఉన్నది. మన్రో పూర్వులు ఈ ఒప్పందములకు బాధ్యులు కారు. బహుశః వారికి ఆ ఊసే తెలియదు. కాని మనుమరాలికి తెలియవలసినది. సమాధిఫలకములను తుడిచి అక్షరములు కూడబలుకుకొనిన రచయిత్రి, భూమి పత్రములను కూడ అంత శ్రద్ధతో చదివియుంటే గ్రంథము మరింత బరువెక్కి ఉండేది. స్థిరపడినవాని చరిత్రములో మొదటి పుట అతడు రాకముందటిదే కావలసియుండును.

మరొక మౌనము కూడ ఉన్నది. 2024 జూలైలో, మన్రో మరణించిన రెండు నెలలకు, ఆమె కుమార్తె తనపై బాల్యములో సవతితండ్రి లైంగిక దౌర్జన్యము జరిపినాడనియు, సంగతి తెలిసిన పిమ్మటను తల్లి అతనితోనే కాపురము చేసినదనియు బహిరంగముగా వ్రాసినది. ఆ మనుష్యుడు 2005లో న్యాయస్థానమున నేరము ఒప్పుకొన్నాడు. ఈ గ్రంథము వెలువడినది మరుసటి ఏడు. ఇందువలన 1818నాటి ఓడప్రయాణము అసత్యమైపోదు. కాని పీఠికను ఇప్పుడు చదివినప్పుడు నా చూపు మారినది. తెలిసినదానికి, ఊహించినదానికి నడుమ హద్దును రచయిత్రి నిజాయితీతో చూపినది. చెప్పినదానికి, దాచినదానికి నడుమ ఉన్న హద్దు ఆ పీఠికలో లేదు. రెండువందల ఏండ్లనాటి పూర్వులను గూర్చి కల్పన చేసినానని ఒప్పుకొనుట సులభము. ఇంటిలో ఉన్న బిడ్డ మాట వినుట అంత సులభము కాలేదు. ఈ కలమును నేను ఇప్పటికిని ఆదరించుచునే ఉన్నాను, అయితే లోగడవలె నిశ్చింతగా కాదు.

మన దేశములో ఈ ప్రక్రియకు సామగ్రి ఏది? కర్నల్ కాలిన్ మెకంజీ, అతడును స్కాట్లండులోని స్టోర్నొవేలో పుట్టినవాడే, కావలి సోదరుల సహాయముతో సేకరించిన కైఫీయతులలో మన గ్రామముల కథలు, కరణముల కవిలెలలోని సంగతులు నిలిచినవి. అవి ఊరికి, గుడికి, మాన్యమునకు సంబంధించిన చరిత్రలు. ఒక కాపరి తన మనుమనికి చెప్పిన మాటకు అందులో చోటు లేదు. సముద్రము దాటిన మన కూలీలకు మరొక గతి పట్టినది. 1860 నవంబరు 16న మద్రాసునుండి నాటాలు చేరిన ‘ట్రూరో’ ఓడలోని వారికి చిట్టాలో సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, ఊరు ఉన్నవి. అవన్నియు ఇతరులు వ్రాసినవి, తరచు తప్పుగా విని వ్రాసినవి. మారిషస్ హిందీ రచయిత అభిమన్యు అనత్ 1977లో ‘లాల్ పసీనా’ నవల వ్రాసినప్పుడు వాల్టర్ దినచర్య వంటిది అతని చేతికి లేదు. కనుక అతడు ఒక్క కుటుంబమును విడిచి కూలీల సమూహమునే నాయకుని చేసినాడు. హిందీలో ఆ నవలను చదివి, వెంటనే మన్రోను చదివినవానికి, ఒకే శతాబ్దిలో జరిగిన రెండు వలసలలో ఒకటి కుటుంబచరిత్రముగాను, మరొకటి జాతిచరిత్రముగాను ఎందుకు మారినదో తెలిసివచ్చును. అక్షరము వచ్చినవానికి పూర్వుడు మిగులును. రానివానికి చిట్టాలో సంఖ్య మిగులును.

తెలుగులో ‘సెట్లర్’ అను మాట అందరికి తెలిసినదే. 1931లో నిజాంసాగరు పూర్తి అయిన పిమ్మట కృష్ణా గోదావరి డెల్టాలనుండి కొద్దిపాటి పొలము అమ్ముకొని బోధన్ ప్రాంతమునకు పోయి ఎక్కువ నేల కొన్నవారు, తరువాత తుంగభద్ర ఆయకట్టులో క్యాంపులు కట్టుకొని నిలిచినవారు, లెయిడ్లాలకు గిర్మిటియాలకంటె దగ్గరి చుట్టములు. వారికి చదువు ఉన్నది, ఇంటికి ఉత్తరములు వ్రాసినారు. ఆ ఉత్తరములను కొన్ని ఇండ్లలో తీగకు గ్రుచ్చి ఉంచేవారు. వాని ఆధారముగా తెలుగులో ఇట్టి గ్రంథము వ్రాయబూనినవారికి మన్రో గుణములును, దోషములును సమముగా పనికివచ్చును. కొన్న పొలము అంతకుముందు ఎవరి సాగులో ఉండెనో, ఎంత ధరకు ఏ పరిస్థితులలో చేతులు మారెనో కూడ ఆ గ్రంథములో ఉండవలె.

ఈ గ్రంథములోని మొదటి రెండు కథలు తెలుగునకు రాదగినవి. అనువాదకునికి చిక్కు ముసలి జేమ్స్ ఉత్తరములవద్ద వచ్చును. అతని వర్ణక్రమము అతని ఇష్టము; పెద్ద అక్షరములు ఎక్కడబడితే అక్కడ. వానిని శుద్ధమైన తెలుగులో పెట్టితే మనిషి మాయమగును. మాండలికములో పెట్టితే అతనికి మన జిల్లా ఒకటి అంటగట్టినట్లగును. పాత దస్తావేజులలోని కరణీకపు వ్రాతను, పదముల నడుమ ఎడము లేక, విరామచిహ్నము లేక సాగిపోవు ఆ వ్రాతను కొంత వాడుకోవచ్చునని నాకు తోచుచున్నది. వాల్టర్ దినచర్యకు అదియు అక్కరలేదు. తేదీ, గాలి ఏవైపు, ఎవరు జబ్బుపడినారు, ఎవరికి బిడ్డ పుట్టినది. ఆ వరుసలోనే ఉంచవలె. బోస్టన్ చర్చి అని వచ్చినచోట మాత్రము ఒక మాట చేర్చుట మంచిది. ఎస్క్వెసింగ్‌లోని ఆ చర్చికి పేరు అమెరికా నగరమునుండి రాలేదు. ఎట్రిక్‌లో విల్ ఓ ఫాప్‌కు పాపభీతి బోధించిన థామస్ బోస్టన్‌దే ఆ పేరు. ఆ చర్చి స్మశానములోనే ముసలి జేమ్స్ సమాధి ఉన్నది. తల్లికిని మేరీకిని ముద్దుబిడ్డ అయి ఓడలో వచ్చిన ఆ చిన్నపిల్లవాని పేరును అక్కడ చెక్కినారు; అతడు క్విబెక్‌లో దిగిన నెలలోపుననే మరణించినాడు.